ఏడు పిచ్చుకల పట్టీ

పొద్దున్నే బంగాళాదుంపల చారు పొయ్యి మీద పడేసి, పిడకల పొగలో దగ్గుకుంటూ మనవణ్ణి పొత్తిళ్ళలో చుట్టడం సెవెరినాకు రోజూ ఉండే పనే. ముందు గుడ్డ, దానిమీద దుప్పటి, ఆపైన తను నేసిన ఉన్ని పట్టీ, చంకల నుంచి కాళ్ళదాకా. బిగించి కట్టకపోతే ఎముకలు గట్టిపడవని ఆ కొండల్లో అందరి నమ్మకం. పట్టీ మీద ఏడు పిచ్చుకలుండేవి. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా అవి ఒకసారి రెక్కలాడించేవి. సెవెరినా నేసిన పట్టీలన్నీ అంతే. దారిలో ఎదురైనవాళ్ళు బిడ్డ మొహం కంటే ముందు పిచ్చుకల్ని చూసేవాళ్ళు.

మూడు రోజులుగా ఆ రెక్కలు కంటికి ఆనడం లేదు, అంత వేగం.

"అమ్మా, వీడు పాలు తాగట్లేదే. పిచ్చుకల్ని చూడు," అంది కూతురు నికోలాసా.

"చలి తగిలిందిలే," అని సెవెరినా ఇంకో చుట్టు బిగించింది.

అయినా ఎనిమిది నెలల ఎలియోను ఎత్తుకుని ఇద్దరూ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. అక్కడ తిరునాళ్ళలా ఉంది. ఆ రోజు న్యుమోనియా అవగాహన దినమట. నీలం బుడగలు, వేదిక, మైకు, బల్లమీద రెండు ఊపిరితిత్తుల ఆకారంలో గులాబీరంగు కేకు. ఆక్సిజన్ సిలిండరుకు కూడా రిబ్బను కట్టారు.

"అది ఖాళీ తల్లీ," అంది నర్సు ఒబ్దులియా గొంతు తగ్గించి. "మందులూ లేవు. పట్నం తీసుకెళ్ళాలి. ఆ పెద్దాయన్ని వాను అడుగు."

పెద్దాయన పట్నం నుంచి వచ్చిన ఆరోగ్య శాఖ డైరెక్టరు. "వానులో మైకు పెట్టెలు వెళ్ళాలమ్మా. ముందు ఫొటో కానీ. బిడ్డనిలా ఇవ్వు," అన్నాడు.

ఎలియోను ఒక చంకన పెట్టుకుని, రెండో చేత్తో కేకులోంచి ఎడమ ఊపిరితిత్తి పైముక్క నోట్లో వేసుకుని, మీసాలకంటిన క్రీముతోనే మైకందుకున్నాడు. "తల్లులారా! బిడ్డ ఛాతీ చూడండి! ఊపిరి లెక్కపెట్టండి!"

చంకలో ఉన్నవాణ్ణి మాత్రం చూడలేదు. సెవెరినాకు రోత పుట్టింది. ఇదేం తిండి, ఇదేం మాట, ఛీ! అంతలో ఆమె చూపు తను వేసిన ముడిమీద పడింది. చూద్దామన్నా ఛాతీ ఎక్కడ కనపడుతుంది? ఆ రోత తన చేతులమీదికే మళ్ళింది.

గబగబా వేదికెక్కి ముడి లాగేసింది. ఏడు పిచ్చుకలూ పట్టీలోంచి లేచి వానులోకి పోయాయి. దుప్పటి జారింది. ఊపిరికోసారి బిడ్డ డొక్కలు లోపలికి గుంటపడుతున్నాయి. మైకులోంచి వాడి మూలుగు ఊరంతా వినపడింది.

"నిమిషానికి డెబ్భై రెండు," అంది ఒబ్దులియా. "యాభై దాటితేనే ప్రమాదం."

డ్రైవరు సబీనో అప్పటికే మైకు పెట్టెలు కింద పడేస్తున్నాడు. నికోలాసా, బిడ్డ, సెవెరినా, నర్సు ఎక్కితే పిచ్చుకలు జరిగి చోటిచ్చాయి. డైరెక్టరు వస్తే కదల్లేదు.

"బండి నిండింది సార్. మీరు కేకు కానివ్వండి," అని సబీనో తలుపేశాడు.

తొమ్మిదోనాడు ఎలియో పట్నం ఆసుపత్రి నుంచి నవ్వుతూ ఇల్లు చేరాడు. పిచ్చుకలు పట్టీలోకి తిరిగొచ్చాయి. సెవెరినా దాన్ని మళ్ళీ వాడి ఛాతీకి కట్టలేదు, తన నడుముకే చుట్టుకుంది. పొయ్యిని గుమ్మం బయటికి మార్చింది.

ఆ వారమే పేపర్లో ఫొటో వచ్చింది. బిడ్డతో డైరెక్టరు, కింద "అవగాహన సభ విజయవంతం". సెవెరినా దాన్ని వంటింట్లో కూరకని పెంచుకునే గినీపందుల కింద పరిచింది, ఆయన మొహం పైకొచ్చేలా.