ముప్పై నాలుగు దాకా

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్న ఇద్దరూ ముప్పై నాలుగు దాకా లెక్కపెట్టారు. ఆ అంకెను ఎవరూ ఎందుకు రాసుకోలేదు?

ఉదయం ఎనిమిదిన్నరకే ఆమె మోచేతుల దాకా గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే రోగులను పరీక్షించి, వారికి గాలినందించే యంత్రాలిచ్చే విభాగమది. రాత్రి పరీక్షలకు వాడిన మాస్కులు, గొట్టాలు, నీటి తొట్లు తెల్లవారేసరికి ఆమె సింకు పక్కన గుట్టపడేవి. పదిహేడేళ్లుగా కడుగుతోంది. మాస్కు అంచునుండే మెత్తటి సిలికాన్ దిండును బొటనవేలితో నొక్కిందంటే, గాలి ఎక్కడ కారుతుందో ఇట్టే చెప్పేస్తుంది. ఎండలో వేస్తే పెళుసెక్కుతాయని గొట్టాలను నీడపట్టునే వేలాడదీస్తుంది. తొట్టి అడుగున పేరుకున్న తెల్లటి పొరను వెనిగర్ నీళ్లతో కరిగిస్తుంది. వడపోత ముక్కలను మాత్రం ఉతకదు, మారుస్తుంది. రోగులకు ఇవన్నీ విడమరచి చెప్పేది ఆమే. చెప్పినట్టు సంతకం పెట్టేది టెక్నీషియన్.

"దిండు ఇంకోటి దగ్గర పెట్టుకోండి బాబూ. అది చిరిగేది ఎప్పుడూ సెలవురోజే" అంటుంది. రోగులు నవ్వుతారు, తర్వాత నిజమేనంటూ తిరిగి వస్తారు.

ఆమెకు యాభై ఆరేళ్లు. పొట్టి మెడ, భారీ ఒళ్లు, కళ్ల కింద ఉబ్బిన సంచులు. నిలబడే కునుకు తీయగలదు. గొట్టం కడుగుతూ కడుగుతూ తల వాలిపోయి, నుదురు కుళాయికి తగిలి ఉలిక్కిపడిన రోజులున్నాయి. ఆ విభాగంలో ఆమె పేరు కునుకమ్మ. పేరు పెట్టినవాళ్లకు చదువు ఉంది, గోడ మీద పట్టాలున్నాయి.

సింకు కింది అరలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. పాడవకపోయినా గడువు దాటిందని పారేసే సామాను నుంచి రెండేళ్లుగా ఆమె ఏరి దాచుకున్నవి అందులో ఉన్నాయి. ఒక మాస్కు చట్రం, ఇంకొకదాని పట్టీలు, మరొకదాని గొట్టం. ఏడు దిండ్లు ముఖానికి పెట్టి చూసుకుంటే ఏడోది కుదిరింది. ఇక కావలసింది మిషన్ ఒక్కటే.

ఆ ఉదయం అది వచ్చింది. అయిదేళ్లు నిండాయని లెక్కల్లోంచి కొట్టేసిన మిషన్, తెల్ల చీటీతో. మీట నొక్కితే బుద్ధిగా గాలి వదిలింది. తుక్కు బండి నాలుగింటికి వస్తుంది.

తొందర పడటానికి ఆమెకో కారణముంది. ఇన్నేళ్లూ పక్కన పడుకునే చెల్లెలు, అక్క గురక ఉన్నట్టుండి ఆగినప్పుడల్లా మోచేత్తో డొక్కలో పొడిచి పక్కకు తిప్పేది. ఆ చెల్లెలు నాలుగు రోజుల క్రితం కూతురి పురిటికి వెళ్లింది. ఈ నాలుగు పొద్దులూ కునుకమ్మ పగిలిపోయే తలతో, ఎండిన నోటితో, ఎవరో గొంతు నొక్కి వదిలినట్టు లేచింది.

పర్యవేక్షకుడి గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి, తడి చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. మూడోసారి లోపలికి వెళ్లింది.

"సార్, ఆ మిషన్ తుక్కులోకే కదా. నాకిప్పించండి. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని మా చెల్లెలు చెప్తోంది."

"మీ చెల్లెలు డాక్టరా?"

అయితే ఆయన చెడ్డవాడేమీ కాదు. పరీక్షకు పదకొండు వారాల వరుస ఉందని, ఊపిరి ఆగడం చూశామని టెక్నీషియన్లలో ఎవరైనా ఒక్క ముక్క రాసిస్తే ఈలోగా వాడుకోవడానికి ఇస్తానని అన్నాడు.

ఆమె పెద్ద టెక్నీషియన్‌ను అడిగింది. అతను పక్కనున్న చిన్న టెక్నీషియన్ అమ్మాయి వైపు చూసి కన్నుగీటాడు.

"నీకు నిద్ర తక్కువా కునుకమ్మా? గురక అందరికీ వస్తుంది. చూడకుండా ఎలా రాయమంటావు?"

చూడకుండా రాయకూడదు, అది నియమం. ఆమె తలూపి సింకు దగ్గరకు వెళ్లిపోయింది. కడిగినవే మళ్లీ కడిగింది. గడియారం చూసింది. మిషన్ తీగను చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

భోజనం డబ్బా మూత పెట్టీ పెట్టకముందే స్టూలు మీద గోడకానుకుని నిద్రపోయింది. గురక మొదలైంది. పెరిగింది. ఠక్కున ఆగింది.

టెక్నీషియన్లిద్దరికీ ఇది పాత ఆట. ఎక్కడిదాకా పోతుందో చూడటం. అమ్మాయి చేతి గడియారం చూస్తూ లెక్క మొదలెట్టింది, పెద్దాయన గొంతు కలిపాడు. రాత్రంతా తెర ముందు కూర్చుని, రోగుల ఊపిరిలో పది సెకన్లు దాటిన ప్రతి విరామానికీ గుర్తు పెట్టడం వాళ్లిద్దరి ఉద్యోగం.

"ముప్పై రెండు... ముప్పై మూడు... ముప్పై నాలుగు."

ఆమె నీళ్లలోంచి పైకి తేలినదానిలా ఎగశ్వాసతో లేచింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"రికార్డు కొట్టావు కునుకమ్మా" అన్నాడు పెద్దాయన.

ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది, పైటతో మూతి తుడుచుకుంది. అమ్మాయి చేయి కడుక్కుని తన బల్ల దగ్గరకు వెళ్లి, రాత్రి రోగి కాగితంలో ఇరవై రెండు సెకన్లని శ్రద్ధగా నింపింది.

నాలుగింటికి బండి వచ్చింది. మిషన్‌ను ఆమె తన చేతులతోనే ఎత్తి ఇచ్చింది, నీటి తొట్టి ఖాళీ చేసి, తుడిచి మరీ.

సాయంత్రం చెల్లెలు ఫోన్లో మనవరాలి ముక్కు ఎవరి పోలికో చెప్పి, చివర్లో అంది. "వెల్లకిలా పడుకోకు అక్కా. దిండు అడ్డం పెట్టుకో."

"పెట్టుకుంటాలే. రేపు మళ్లీ అడుగుతా వీళ్లని."

మర్నాడు సింకు పక్కన గుట్ట అలాగే ఉండిపోయింది. పదకొండింటికి కబురు తెలిసింది. టెక్నీషియన్లిద్దరూ వెళ్లి చూసి వచ్చారు. నిద్రలోనే పోయిందట, అదృష్టవంతురాలు, ఏ బాధా పడలేదు అని పర్యవేక్షకుడికి చెప్పారు.

మీరు ఆ గదికి వెళ్లండి. ముప్పై నాలుగు అని వాళ్లిద్దరి చేతా రాయించండి, కింద సంతకాలు పెట్టించండి. ఆ కాగితం పెట్టవలసిన చోటు సింకు కింది అరలో ఉంది. బిస్కెట్ల డబ్బాలో, కడిగి నీడన ఆరబెట్టిన మాస్కు, పట్టీలు ఆమె తల కొలతకే బిగించి ఉన్నాయి.