వేప బిళ్లలు

“టీపాయి మీద మళ్లా మచ్చ పడిండాది సూడు. గ్లాసు యాడ పెట్టాలో తెలీదా?”

మా ఆయన ఉమాశంకర్ పుంగనూరులో లెక్కల అయ్యవారు. బడిలో పిల్లల్ని నిలబెట్టి అడిగినట్టే ఇంట్లో నన్నూ అడుగుతాడు. చెయ్యెత్తడు. జవాబు చెప్పేదాకా కదలనివ్వడు, అంతే. పెళ్లయి పదకొండేళ్లయినా ఆయన బండి చప్పుడు వింటే చేతిలో పని వదిలి లేచి నిలబడతాను. ఆ గ్లాసు అక్కడ పెట్టింది ఆయనే. నేను కొంగుతో మచ్చ తుడిచాను.

కరెంటోళ్లు తీగలకు అడ్డమని వీధిలో వేపకొమ్మ కొట్టేసి పోయారు. బిళ్లలుగా కోస్తే గ్లాసుల కింద పెట్టుకోవచ్చు కదా అనిపించింది. ఎందుకనిపించిందో తెలీదు, నేనెప్పుడూ మేకు కూడా కొట్టినదాన్ని కాదు. వెనక సందులో సుగ్రా ఉంటుంది. ఆమె భర్త ముక్తియార్ తలుపులు, మంచాలు చేస్తాడు. వాళ్ల పాత రంపం నా చేతికిస్తూ, “పచ్చిది కోస్తే పగుల్తాదమ్మా, నెల దినాలు నీడన ఆరనియ్యి” అంది.

ఆగలేక ఒకటి కోశాను. మూడో రోజుకే నడిమికి చీలింది. మిగతా కొమ్మను స్నానాలగది వెనక దాచి నెల ఓపిక పట్టాను. తర్వాత రోజూ మధ్యాహ్నం అత్త శారదమ్మ కునుకు తీసేటప్పుడు కోసేదాన్ని. రంపం గీత మీద నిలిచేది కాదు. అది కీచుమన్న ప్రతిసారీ ఆగి, లోపల అత్త దగ్గుతుందేమోనని ఊపిరి బిగబట్టేదాన్ని. ఒకరోజు జారి బొటనవేలు తెగింది. నెత్తురు కంటే ముందు భయమొచ్చింది, ఏం చెప్పాలని. కత్తిపీటకు తెగిందన్నాను. “ఇన్నేండ్లొచ్చినా కూరగాయలు తరిగేది రాలేదా?” అంది అత్త.

గరుకు కాగితంతో రుద్ది కొబ్బరినూనె పట్టిస్తే ఆరు బిళ్లలు తేలాయి. చెక్కలోని వలయాలు మెరిశాయి. ఇంత అందమైనవి నేనే చేశానా అని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. టీపాయి మీద వాటిని చూసి ఆయన “యాడివి?” అన్నప్పుడు మాత్రం “సంతలో తెచ్చినా” అన్నాను.

ఆదివారం హెడ్మాస్టరు రాజగోపాల్ గారొచ్చారు. గ్లాసెత్తి కింది బిళ్లను తిప్పి చూసి, “బలే ఉండాయే, యాడ కొన్నావప్పా?” అన్నారు.

“హార్స్లీ హిల్స్‌లో నేనే ఏరి తెచ్చినా సార్” అన్నాడు మా ఆయన.

చేతిలోని పళ్లెం టీపాయి మీద పెట్టాను. “అవి నేను కోసినవి సార్” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

“నువ్వేనా అమ్మా? రంపంతోనా?”

“అవును సార్.”

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు.

హెడ్మాస్టరును సాగనంపి వచ్చి నన్ను గోడకు నిలబెట్టాడు. “నాతో సంతంటివి. సార్ ముందర నా పరువు తీసినావు. రంపం ఎవురిచ్చినారు? ఇప్పుడే పోయి ఇచ్చేసి రా.”

“ఇయ్యను” అన్నాను.

ఆయన నా ముఖంలోకే చూస్తూ దారికి అడ్డంగా నిలబడ్డాడు. అరిచినా బాగుండుననిపించింది. ఆ రాత్రంతా భయమే. తెల్లారినా పోలేదు. ఆ భయంతోనే మధ్యాహ్నం, అత్త మేలుకొని చూస్తుండగానే, నడివాకిట్లో కూర్చుని మిగిలిన కొమ్మను కోయడం మొదలుపెట్టాను.