పప్పు లేని పోపు

జొరమొచ్చి పట్నమంత ఖాళీ అయిన యేడు ముచ్చట ఇది. నేను నిమ్మలంగ జెప్త, నువ్వు నిమ్మలంగ రాయి బిడ్డా.

బస్సులు యాడియాడ ఆగినయో ఆడాడ్నే ఉన్నయ్. కరెంటు లేదు. దవాఖానల మనిషి లేడు. మా ఇంట్ల కొడుకు పోయిండు, కోడలు పోయింది. నేను, నా మనుమరాలు సక్కుబాయి మిగిలినం. అప్పటికి పోరికి మూడేండ్లు. దాన్ని ఎత్తుకోని దుర్గం చెరువు మీది రాతి గుండ్లల్లకు ఎక్కిన. రెండు పెద్ద గుండ్ల నడుమ ఇల్లసొంటి జాగ ఉంటది ఆడ. మాకంటె ముందే ఒక ఆమె ఆడ పొయ్యి బెట్టుకోని కూసున్నది. బుచ్చమ్మ. జీడిమెట్ల దిక్కామె. మాకు సుట్టం గాదు, ఏం గాదు.

నువ్వెవలు, యాడికెల్లి వస్తున్నవ్ అని అడగలే. "పోరి మొఖం ఎండిపోయింది, ఇటియ్యన్నా" అన్నది. గంతే. ఆనాటి సంది పోరి ఆమె సంక దిగలే. అంబలి ఊది ఊది సల్లారబెట్టి, తన మణికట్టు మీద సుక్క ఏసుకోని సూసి, అప్పుడు తాగిచ్చేది. ఆమె కాడ ఒక నూనె బుడ్డి ఉండె. అడుగున జరంత నూనె. యేలు ముంచి పోరి అరికాళ్లకు రాసేది, ఇంక దేనికీ ముట్టనియ్యకపోయేది. ఒకపారి నేను నోరాగక "చారుల జర పోపు బెట్టరాదు" అన్న.

"చారుకు కాళ్లు పగులుతయా అన్నా?" అని నవ్వింది.

ఇగ ఉప్పు ఒడిసింది, జొన్నలు అడుగంటినయ్. చెరువు కాడ పోచయ్య అని మా ఊరి పిలగాడే ఉండె, నన్ను మామా అంటడు. ఇద్దరం కలిసి కూకట్‌పల్లి దిక్కు పోయి ఖాళీ ఇండ్లల్ల దేవుకొద్దామనుకున్నం. నాకు మనసొప్పలే. దోపిడిగాళ్లు గుంపు గట్టి తిరుగుతున్నరు, గింజ కనబడితె మనిషిని బతకనిస్తలేరు. "ఫికర్ జెయ్యకన్నా, నేనున్న గదా" అన్నది బుచ్చమ్మ.

మర్నాడు పొద్దు వంగినంక తిరిగొచ్చినం. గుండ్ల కిందికొచ్చి మీదికి జూసిన. మా జాగ ముంగట యాపమండలు గట్టి ఉన్నయ్.

అమ్మవారు పోసిన ఇంటికి యాపమండ గడ్తరు, ఎరికే గదా. బయటోడు ఆ ఇంట్ల అడుగు బెట్టొద్దు. పీనుగల జాగలు తొక్కొచ్చినోడు అసలే బెట్టొద్దు, తల్లికి కోపమొచ్చి పిల్లను తీస్కపోతదంటరు. ఈ జొరానికి గూడ అట్లనే గట్టిన్రు అందరు. పట్నంల మండ గట్టిన ఇంట్లకెల్లి బతికొచ్చినోన్ని నేను సూడలే. మేము తొక్కొచ్చిందంత పీనుగల ఇండ్లే.

"మామా, ఆగు" అని పోచయ్య నా గొంగడి పట్టుకున్నడు.

"పోరి లోపటున్నదిరా."

"ఉంటె నువ్వు పోతె సస్తది. లేకుంటె పోయి ఏం జేస్తవ్?"

"బుచ్చమ్మను కేకేస్త."

"ఏయ్, గట్టిగ కేకెయ్. వాళ్లు గూడ ఇంటరు." చెరువు అవతలి గట్టు సూపెట్టిండు. పొగ లేస్తున్నది. కట్టెలు వట్టుకోని మనుషులు తిరుగుతున్నరు. దోపిడిగాళ్లే. "నల్లగండ్ల కాడ మనసొంటోళ్లు జమైన్రంట. పొద్దు గూకకముందు పోదాం పా."

నేను నిలబడ్డ. బుచ్చమ్మ అబద్ధమాడే మనిషి గాదు. మండ గట్టిందంటె జొరమొచ్చినట్టే. గదే నన్ను కాల్చుకతిన్నది. లోపట ఏడుపు ఇనబడ్తదేమో అని ఎంతసేపు చెవి బెట్టిన. ఏమినబడలే. ఏడుపు లేకుంటె మంచికా, చెడుకా? తెలుస్తలేదు.

మూట ఇప్పి సగం జొన్నలు, ఉప్పు ఒక బండ మీద బెట్టిన. బుచ్చమ్మ బతికుంటె తీస్కుంటది అనుకున్న. బెట్టి మర్లిన. పోచయ్య ముంగట, నేను ఎన్క.

జర దూరం పోయినమో లేదో, పోచయ్య తుమ్మిండు. ఇంకోటి తుమ్మిండు. నాకూ ముక్కుల ఘాటు కొట్టింది. ఎండుమిరపకాయ మాడిన వాసన. ఎల్లిగడ్డ. కాగిన నూనె.

"ఎవల్రా ఈడ పోపు బెడ్తున్నరు?" అన్నడు పోచయ్య.

నేను ఆగిపోయిన. అమ్మవారున్న ఇంట్ల పోపు బెట్టరు. తల్లి పోయేదాక నూనె కాగనియ్యరు. ఏ ఆడమనిషీ ఆ తప్పు జెయ్యది, బుచ్చమ్మ అసలే జెయ్యది.

ఉరికిన. ఈ ముసలి కాళ్లతోటి ఆ గుండ్లెట్ల ఎక్కిన్నో నాకే తెల్వదు.

లోపట పొగ. బుచ్చమ్మ కొంగుతోటి ఆ పొగను మా దిక్కు ఇసురుతున్నది, కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయ్. సక్కు ముక్కు మూసుకోని కూసున్నది.

"తాతా! అవ్వ పప్పు లేకుండనే పోపు బెట్టింది!"

పోరి నొసలు ముట్టి సూసిన. సల్లగున్నది.

"పొద్దుగాల ఆ గుంపు ఇటు దిక్కే ఎక్కొస్తుండె అన్నా" అన్నది బుచ్చమ్మ. "ఇంకేం తోచలే. కింద చెట్టుకు మండలు ఇరిసి గట్టిన. సూసి మర్లిపోయిన్రు. ఇగ నువ్వొచ్చినవ్. పిలుద్దామంటె వాళ్లకినబడ్తది, బయటికొస్తె కనబడ్త. నువ్వు మూట దించుడు జూసి, ఇగ పోతడు అనుకున్న."

"వాసన వాళ్లకు బోతె?"

"పోరి ఎంటికె ఒకటి పట్టి సూసిన. గాలి నీ దిక్కే ఉండె."

"గాలి మర్లితె?"

ఆమె మాడిన ఎల్లిగడ్డ మీదనే అంబలి గుమ్మరించి కలిపింది, ఉప్పేసింది. కింద బెట్టిన జొన్నలు ఏరుకోని పోచయ్య ఎక్కొచ్చిండు, ఇంక తుమ్ముకుంటనే. "గంత వాసన జూపి ఉత్త అంబలేనా అక్కా?" అన్నడు. సక్కు నవ్వింది. బుచ్చమ్మ పోరి నోటి మీద చెయ్యి బెట్టి, అవతలి గట్టు దిక్కు జూసింది. పొగ అట్లనే ఉన్నది.

"మండలు వాడితె వాళ్లకు అనుమానమొస్తది. రేపు కొత్తయి గట్టాలె" అన్నది. బుడ్డి తిరగేసి సూపెట్టింది. సుక్క రాలలే. "ఇగ నూనె లేదన్నా. ఇంకోపారి నువ్వు గట్లనే దూరం నిలబడితె నేనేం జెయ్యాలె?"

"ఇంకోపారి దూరం నిలబడ, సక్కగ లోపటికే వస్త" అన్న.