నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి

"ఏటమ్మా, అంత నూనె! వంకాయలు ఈదాలా ఏటి?" అంది మా అత్తగారు కాసులమ్మ, పొద్దున్నే నా భుజం మీదుగా మూకుట్లోకి తొంగిచూస్తూ. పోసింది మూడు చెంచాలు. ఖిదిర్‌పూర్‌లోని ఈ వంటింట్లో పదకొండేళ్లుగా నేను పోసిన నూనె ఒక్కరోజైనా సరిగ్గా లేదు. నేనేమో నూనెలు పరీక్షించి జీతం తెచ్చుకునే మనిషిని. ఒళ్లు మండుతుంది, పైకి మాత్రం నవ్వుతాను. ఆ నవ్వు మీద కూడా నాకు కోపమే.

మా ల్యాబ్‌లో వంటనూనెల్లో మిగిలిన పురుగుమందులు కొలుస్తాం. ఈ వారం ఒక పెద్ద కంపెనీ ఆవనూనె వచ్చింది. ఐదు గ్రాములు తూచి, ద్రావకం పోసి బాగా కుదిపి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. మర్నాటికి కొవ్వు అడుగున గడ్డకడుతుంది, మందు ఉంటే పైనున్న ద్రావకంలో ఉండిపోతుంది. దాన్ని వంచి మెషీన్‌కి ఎక్కిస్తే, ఉండదగినదానికి నాలుగింతలు పురుగుమందు కనబడింది. మొత్తం మళ్లీ చేశాను. అంతే వచ్చింది.

మేనేజరు ఘోషాల్ బాబు కాగితం చూశాడు. "ఇంట్లో బొద్దింకల మందు కొట్టి వచ్చారా, దీదీ? వంటింట్లోంచి నేరుగా వచ్చే చేతులు కదా!"

పక్క బల్ల దగ్గర మనోహర్ కిసుక్కుమన్నాడు. పోయిన నెల వేరుశనగ నూనెలో మందు పట్టుకున్నది అతనే. అప్పుడు అతని చేతుల గురించి ఎవరూ అడగలేదు.

బ్లాంక్ ఫలితం ముందు పెట్టాను. నూనె లేకుండా ఉత్త ద్రావకాన్ని ఇవే చేతులతో, అదే రోజు, అన్ని దశలూ నడిపించాను. నా చేతులకు మందు అంటి ఉంటే అందులోనూ కనబడాలి. ఏమీ లేదు. ఆయన దానివైపు చూడనైనా లేదు.

"'కనబడలేదు' అని రాసి సాయంత్రంలోగా సంతకం పెట్టండి. లేదంటే రేపటినుంచి సీసాలు కడిగే పని చూసుకోండి."

ఏడుపొచ్చింది. మెట్ల మీదికి వచ్చి మా ఆయన కామేష్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పెద్దోళ్లతో నీకెందుకే గొడవ? ఆయన చెప్పినట్టు రాసీ," అన్నాడు. మళ్లీ తనే, "ఇంతకీ ఏ కంపెనీ అది?"

చెప్పాను.

"ఓలమ్మా! చేపలకని నేను తెచ్చింది అదే కదా! ఉండు, ఆ సీసా ముట్టుకోవద్దని అమ్మకి చెప్పాలి," అంటూ పెట్టేశాడు.

నా లెక్క తప్పని ఆయన ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తన కంచం దాకా అది నిజం, ఊళ్లోవాళ్ల కంచాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను అబద్ధం రాయాలి.

లోపలికి వెళ్లి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాసి సంతకం పెట్టాను.