తదుపరి ఉత్తర్వుల వరకు

ఆల్విన్ రాట్కె చెయ్యి చాపితే చాలు, మడిచిన పేపరు అందులో పడేది. ట్రాము స్టాపు పక్క కొట్లో ముసలమ్మ ఆయన మొహం కూడా చూసేది కాదు. పంతొమ్మిది వందల ముప్ఫై మూడు, ఫిబ్రవరి ఆఖరి మంగళవారం పొద్దున మాత్రం చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

"మీ పేపరు రాలేదయ్యా. ఇక రాదట కూడా," అంది ముసలమ్మ శాలువా బిగించుకుంటూ. "రాత్రి పార్లమెంటు తగలబడింది కదా. అందుకని కార్మికుల పేపర్లన్నీ ఆపేశారట."

"పార్లమెంటు తగలబడితే పేపరేం చేసింది?"

"నన్నడిగితే? నేను అమ్ముకునేదాన్ని. ఆపినవాళ్ళని అడుగు."

"మీ పేపరు" అనడం నిజానికి సరికాదు. ఆల్విన్ ఏ జెండా పట్టిన మనిషీ కాదు. ఎవరికి ఓటు వేసిందీ భార్య మార్తా బతికి ఉన్నన్నాళ్ళూ ఆమెకి కూడా చెప్పలేదు. ఆ పేపరులో ఆయన చూసేది ఆఖరి పేజీ ఒక్కటే: బూట్లు, శవపేటికలు, డాన్సు హాళ్ళ ప్రకటనలు. మిగతా పేపరుకి అక్షరాలు యంత్రమే కూరుస్తుంది. ప్రకటనలు చేత్తో కూర్చేది మాత్రం ఆయన కొడుకు రూడి. పదిహేనో ఏట వాడికి అక్షరం పట్టడం నేర్పింది ఆల్వినే. పెద్దక్షరాల మధ్య వెంట్రుకవాసి జాగా ఎక్కువ వదలడం వాడి అలవాటు. ఎన్ని మొట్టికాయలు పడ్డా మానలేదు. పద్నాలుగు నెలలుగా తండ్రితో మాట్లాడని కొడుకు బూట్ల ప్రకటనలో మాత్రం రోజూ కనబడేవాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఆ జాగాల్ని వేలితో తడుముకుంటూ, ఆల్విన్ తన స్టాపు దాటిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ రోజు వేలికి పని లేదు. కిటికీలోంచి బెర్లిన్ వీధుల్లోని మురికి మంచు చూస్తూ కూర్చున్నాడు.

సర్కారు అచ్చాఫీసులో ఆయనకది ముప్ఫై ఒకటో ఏడు. కిటికీ పక్క మూడో కేసు, అంటే అక్షరాల గళ్ళపెట్టె, ఆయనది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కుడి భుజం కాస్త కిందికి జారింది, సీసపు అక్షరాల్ని నొక్కి నొక్కి ఎడమ బొటనవేలు గరిటెలా చదునైపోయింది. గోళ్ళ సందున నలుపు ఏ సబ్బుకూ లొంగదు. కేసులో నూరు పైచిలుకు గళ్ళున్నా చూసి తీయక్కర్లేదు, చెయ్యి తనంతట తనే వెళ్తుంది. అర్థం జోలికి పోతే తప్పులు పడతాయని చిన్నప్పుడు పని నేర్పినాయన చెప్పిన మాట ఆల్విన్‌కి వేదం. పన్నుల పట్టికలు, పెళ్ళి చట్టాలు, రైల్వే నిబంధనలు అన్నీ ఆ చేతిలోంచే పోయాయి, ఒక్కటీ తలలో ఆగలేదు.

మూడేళ్ళుగా ఆ పని మరీ తేలికైంది. పూర్వం పార్లమెంటు నెలల తరబడి కొట్లాడుకుని ఒక చట్టం పంపేది. ఇప్పుడు అధ్యక్షుడు సంతకం పెట్టిన అత్యవసర ఆర్డినెన్సులు వస్తున్నాయి, వారం తిరిగేసరికి ఒకటి. అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే: "రాజ్యాంగం నలభై ఎనిమిదో అధికరణం ప్రకారం ఆజ్ఞాపించునది." పనైపోగానే అక్షరాల్ని విడదీసి ఏ గడివి ఆ గడిలో వేయడం ఆచారం. ఆ వాక్యాన్ని మాత్రం విడదీయొద్దన్నాడు ఫోర్‌మన్ నోవాక్. దారంతో కట్టి అలమరలో పెట్టారు. ఆర్డినెన్సు రాగానే తెచ్చి పైన తగిలించడమే. "నిన్నటి పులుసు, వేడి చేసి వడ్డించు," అనేవాడు నోవాక్.

తండ్రీకొడుకులకి చెడింది దాని మీదే. పద్నాలుగు నెలల కిందట జీతాలు కోస్తూ ఒక ఆర్డినెన్సు వచ్చింది. ఆ క్రిస్మస్ భోజనంలో రూడి ముల్లుగరిట కింద పెట్టాడు.

"నా జీతం కోసిన కత్తి నువ్వే నూరావు కదా నాన్నా."

"నేను అక్షరాలు పేరుస్తాను. ఆజ్ఞలు నావి కావు."

"ఇవాళ జీతం కోశారు. రేపు మనిషిని కోసే ఆజ్ఞ వస్తుంది. అదీ పేరుస్తావా?"

"కాపీ వస్తే పేరుస్తాను. నీకు నేర్పిందీ అదే."

రూడి లేచి కోటు తీసుకున్నాడు. వాడి భార్య ఎర్నా, పాపం, బాతు మాంసం పళ్ళెం చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది. మార్తా ఉంటే ఇద్దరి చెవులూ మెలేసి కూర్చోబెట్టేది. ఆమె పోయి అప్పటికే రెండేళ్ళు. తర్వాత తండ్రి వెళ్ళలేదు, కొడుకు రాలేదు. మొండితనంలో ఇద్దరిదీ ఒకే అచ్చు. ఆదివారాలు ఆల్విన్ ట్రామెక్కి రూడి ఉండే వీధి మలుపు దాకా వెళ్ళేవాడు. అక్కడ ఒక చుట్ట కాల్చి, నాలుగో అంతస్తు కిటికీ వైపు చూసి, తర్వాత వచ్చిన ట్రాములో తిరిగొచ్చేవాడు.

ఆ మధ్యాహ్నం పందికొవ్వు రాసిన రొట్టె తిని చేతులు తుడుచుకుంటుంటే నోవాక్ కూర్చాల్సిన కాపీ తెచ్చాడు. ఒకే ఒక్క కాగితం.

"సంతకం ఇంకా కాలేదట. ముందు కూర్చి పెట్టమన్నారు," అన్నాడు. "అచ్చయ్యేదాకా గేటుకి తాళం. ఎవరూ కదలడానికి లేదు."

దారం కట్టిన వాక్యం తెచ్చి ఆల్విన్ పైన అమర్చాడు. తర్వాత మొదటి సెక్షను. 114, 115, 117, 118. చెయ్యి కాపీ కంటే ముందే పరుగెత్తింది. 123, 124, 153. ఆ వాక్యం పూర్తయ్యాక గానీ ఆయనకి తెలియలేదు, తను కాగితం వైపు చూడకుండానే పేర్చాడని.

ఈ ఏడు అంకెల్నీ ఇదే వరుసలో ఈ చెయ్యి ఇంతకు ముందొకసారి పేర్చింది. పంతొమ్మిది వందల పంతొమ్మిది, ఆగస్టు. ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడు. రాజు పోయాడు, కొత్త రాజ్యాంగం అచ్చుకొచ్చింది. ఉక్కకి కిటికీలన్నీ బార్లా తెరిచారు. ఆ ఒక్కసారే ఆల్విన్ వేదవాక్కు పక్కనపెట్టి, అర్థం చదువుకుంటూ కూర్చాడు. 114, మనిషిని ఊరికే బంధించరాదు. 115, ఎవరిల్లు వారికి గుడి. 117, ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పరాదు. 118, అనుకున్నది అనవచ్చు, రాయవచ్చు. 124, సంఘం కట్టుకోవచ్చు. గేటు దగ్గరికి సూపు క్యారేజీ తెచ్చిన మార్తాకి తడి ప్రూఫు చదివి వినిపించాడు.

"ఎవరిల్లు వారికి గుడా?" అని నవ్విందామె. "అయితే మన ఇంటి యజమాని ఇక అద్దెకని తలుపు బాదడు కాబోలు."

నలభై ఎనిమిదో అధికరణం వచ్చింది కూడా ఆయన వంతుకే. దేశానికి ఆపద వస్తే అధ్యక్షుడు ఆ ఏడింటినీ పక్కన పెట్టవచ్చునని అందులో ఉంది. అప్పట్లో పక్క కేసులో పనిచేసే నోవాక్ మెడ సాచి చదివి, "ఇంత ఇల్లూ కట్టి దొంగ చేతికి తాళంచెవులిచ్చినట్టుంది," అన్నాడు.

"నిప్పంటుకుంటే ఎవరో ఒకరు తలుపు తియ్యొద్దూ? పైగా తాత్కాలికంగా అని రాశారు చూడు," అన్నాడు ఆల్విన్.

ఎంత నమ్మకంగా అన్నాడో. ఆ కిటికీలోంచి వచ్చిన గాలి, మార్తా నవ్వు, ఇంటికెళ్తే వీపెక్కే రూడి, అన్నీ ఒక్కసారిగా మళ్ళీ కావాలనిపించాయి ఆల్విన్‌కి.

"ఆల్వినూ." నోవాక్ ప్రూఫు పట్టుకుని వచ్చాడు. "ముప్ఫై ఏళ్ళలో ఇప్పుడు తప్పు చేశావు. కాపీలో లేని మాట పెట్టావు."

"ఏ మాట?"

"తాత్కాలికంగా అని కూర్చావు. కాపీలో ఆ అధికరణాలు 'తదుపరి ఉత్తర్వుల వరకు' రద్దు అని ఉంది."

"రాజ్యాంగంలో తాత్కాలికంగా అనే ఉంది కదా."

"ఇది రాజ్యాంగం కాదు. మార్చు."

ఆల్విన్ పట్టకారు తీసుకుని ఆ మాటని అక్షరం అక్షరం ఊడబీకాడు. అర్థం ఒకసారి తలలోకి వచ్చాక ఇక పోవడం లేదు. 118 అంటే రూడి పేపరు. 124 అంటే రూడి కార్మిక సంఘం. 114 అంటే రూడి. వాడు చెప్పిన ఆజ్ఞ రానే వచ్చింది, దాన్ని తను పేర్చనే పేర్చాడు. కొత్త మాట బిగించి, పట్టకారు కింద పెట్టి, నోవాక్ దగ్గరికి వెళ్ళాడు.

"నన్నొక్క గంట వదలరా."

"గేటు తాళమేశారని చెప్పాను కదా."

"రూడితో ఒక్క మాట చెప్పాలి. ఈ రాత్రి ఇంట్లో పడుకోవద్దని. అంతే. చెప్పేసి పరుగున వస్తాను."

నోవాక్ చెడ్డవాడు కాదు. రూడి పెళ్ళిలో అకార్డియన్ వాయించింది అతనే.

"ఆరింటికి వదులుతారు, అప్పుడు పో," అన్నాడు. "కంగారు పడకు. పోలీసులకైనా కాగితం కావాలి కదరా. అది అచ్చు కాకముందే మనిషిని ఎలా పట్టుకుంటారు?"

ఆ మాట ఆల్విన్‌కి నిజమనిపించింది. జీవితమంతా అచ్చాఫీసులో గడిపినవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. దేశంలో ఏది జరగాలన్నా ముందు తమ కేసులోంచి అక్షరాలు లేవాలని వాళ్ళ నమ్మకం. ఆయన వెళ్ళి మళ్ళీ పనిలో నిలబడ్డాడు.

ఆరు దాటిన పది నిమిషాలకి గేటు తెరిచారు. ట్రాములో ఆయన కూర్చోలేదు. ముందు ఏమనాలి? "ఎలా ఉన్నావురా" అంటే పద్నాలుగు నెలల తర్వాత వెటకారంలా ఉంటుంది. "నువ్వు చెప్పిందే నిజమైంది" అందామనుకున్నాడు. అది బాగుంది, వాడికి నచ్చుతుంది. వీధి మలుపు దగ్గర ఈసారి ఆగలేదు. నాలుగు అంతస్తులూ కమ్మీ పట్టుకుని ఎక్కాడు, రొప్పుతూనే ఆ మాట మరోసారి అనుకున్నాడు.

తలుపు తీసింది ఎర్నా. ఆమె వెనకాల సొరుగులన్నీ నేల మీద బోర్లా పడి ఉన్నాయి.

"రండి మావయ్యా," అంది. "ఆయన లేడు. తీసుకుపోయారు."

"ఎప్పుడమ్మా? ఇప్పుడేనా?"

"పొద్దున ఐదున్నరకి. వాళ్ళ చేతిలో పేర్ల జాబితా ఉంది. ఏ చట్టం కింద అని ఈయన అడిగితే ఒకడు నవ్వాడు." ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉన్నాయి. "ఏ చట్టం మావయ్యా? అవన్నీ మీ దగ్గరికే వస్తాయిగా."

ఆల్విన్ ద్వారబంధం పట్టుకున్నాడు. పొద్దున ఐదున్నరకి తను ఇంకా బూట్లు కూడా తొడుక్కోలేదు. కాగితం రాలేదు. అంకెలు గళ్ళలోనే ఉన్నాయి.

"అప్పటికి చట్టం లేదమ్మా," అన్నాడు. "మధ్యాహ్నం నేను కూర్చాను."

ఎర్నా ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టింది, కాఫీకి నీళ్ళు పెట్టింది. అటు తిరిగే చెప్పింది.

"మెట్ల మీంచి వెనక్కి తిరిగి, 'నాన్నకి చెప్పు' అన్నాడు. మిగతాది అనేలోపే కిందికి లాగేశారు."

"ఏమై ఉంటుందమ్మా?"

"తెలీదు మావయ్యా."

నీళ్ళు మరిగాయి. ఆల్విన్ కోటు విప్పలేదు, కప్పు ముట్టుకోలేదు. కుళాయి మీద చిన్న అద్దం ఉంది. దాని కింద పలకమీద ఎనామిల్ గిన్నెలో గడ్డం గీసుకునే నీళ్ళు చల్లారిపోయి ఉన్నాయి, పక్కనే సబ్బు నురగ తెల్లగా ఎండి బిగుసుకుపోయిన కుంచె, పొద్దున రూడి కింద పెట్టినప్పటిలాగే, పిడి బయటికి ఉండేలా పడి ఉంది.