తరువాయి ఆరవ పుటలో

కృష్ణాతుంగభద్రల నడిమి సీమపై వైశాఖభానుడు నిర్దయుడై నిప్పులు చెరుగుచుండెను. నదీగర్భమున నునుపెక్కిన బండలు వెండికంచములవలె మెరయ, వానినడుమ మిగిలిన యొక్క నీటిచాలు సన్నని జరీపోగువోలె జారుచుండ, సాలెవీథిలో మగ్గముల టకటకారవము మాత్రము ఎండను లక్ష్యపెట్టక ఇంటింటను యథావిధిగా సాగుచుండెను. గోడలనిండ అంటించిన నాయకుల బొమ్మలును, సందుసందున తిరుగు ప్రచారశకటముల ఘోషయును లోకసభ ఎన్నికలు సమీపించెనని చాటుచుండెను.

ఆ వీథిచివర యింటి యరుగుపై రాట్నముముందు కూర్చుండి కండెలు చుట్టుచుండు ఉరుకుందప్ప అరువదియెనిమిదేండ్ల నేతగాడు. ఒకనాడు చీరయంచున హంసపంక్తులను నిలిపిన యాతని కన్నులు ఏడేండ్లక్రిందట నీటికాసుల రోగమున ఆరిపోయెను గాని వ్రేళ్లయందలి చూపు చెక్కుచెదరలేదు. తెగిన పోగును స్పర్శమాత్రమున కనిపెట్టి ముడివైచు నా వ్రేళ్లకు, మనసులో తెగిన పోగొక్కటి మాత్రము ఐదేండ్లుగా అందకుండెను.

అదేమనగా, గడచిన ఎన్నికలయందు అంధులకు విహితమైన రీతిని తోడుమనిషిగా తమ్ముని కుమారుడగు మద్దిలేటిని వెంటగొనిపోయి, తాను కోరిన అభ్యర్థిపేరు వాని చెవిలో చెప్పి, ఓటుయంత్రము కూయగనే “నొక్కినావా?” యని యడిగెను. “నొక్కిన పెద్దనాయనా” యని వాడు పలికెను. నెల తిరుగకమునుపే వాడు మిత్రులతో అరుగుపై కూర్చుండి, “మా పెద్దనాయన ఓటు గూడ మనకే పడె. ఇంట్ల పొయ్యి ఒక్కటే ఉన్నంక ఓట్లు రెండుదిక్కుల ఎట్ల పోతయిరా?” యని నవ్విన నవ్వు లోపల పరుండిన వృద్ధుని చెవిని బడెను. మద్దిలేటి దుష్టుడు కాడు. వేళకు అన్నము పెట్టించువాడును, కంటిమందు తప్పక తెచ్చువాడును వాడే. ఇంటివారికెల్ల ఒక్క మాటయే యుండుట మర్యాదయని వాడు నిక్కముగా నమ్మెను. కావున ఉరుకుందప్ప వానినేమియు ననడయ్యెను. కాని చూపుపోయిననాడును క్రమ్ముకొనని చీకటి ఆనాడాతనిని క్రమ్ముకొనెను.

ఇక ఈమారు ఎవరిని నమ్మవలయు? ఎవరికోటు వేయవలెనను చింతకంటె ఆ యోటును ఎవరిచేతిలో నుంచవలెనను చింతయే యాతనిని అధికముగా వేధించెను. నమ్మదగినవారమని అందరును చెప్పుదురు గదా! బహుదినములాలోచించి ఆతడొక యుపాయము పన్నెను. అరుగెక్కిన ప్రతివారిచేతను వార్తాపత్రిక చదివించుకొనసాగెను.

మద్దిలేటి చదువునపుడు తనపక్షమునకు నచ్చని వార్త వాక్యము నడుమనే విరిగిపోయెడిది. “అంతే పెద్దనాయనా, అయిపాయె” యని వాడు పుట మడిచెడివాడు. ఎదురింటి విశ్రాంత గుమాస్తా ఒక్కొక్క వార్తకు మూడేసి వ్యాఖ్యానములు చేర్చుటచే పత్రిక యెక్కడ ముగిసెనో గుమాస్తా యెక్కడ మొదలయ్యెనో తెలియకుండెడిది.

ఒక యుదయమున, ఆ వీథికంతకును పట్టునకు రంగులద్దు సవారమ్మ తడియారిన పట్టుపోగుల చిలపలను భుజముననిడుకొని వచ్చెను. ఆమె నోటిదురుసు ఊరెరిగినది. మద్దిలేటి పక్షమనినను, ఉరుకుందప్ప పూర్వము మెచ్చిన పక్షమనినను ఆమెకు గిట్టదు. తనపక్షపు కండువాను ఎండకు తలపాగగా చుట్టుకొని తిరుగుచుండెడిది. ఏడవ తరగతితో బడిమానిన యామె ఆతని కోరికపై కూడబలుకుకొనుచు చదువ మొదలిడెను. ఆ దినమునందే ఆమెపక్షపు అభ్యర్థి, అద్దకపువారికి మురుగునీటి తొట్టి కట్టింతునని ఐదేండ్లక్రిందట మాటయిచ్చి పలుగైన దింపలేదను వార్త పడియుండెను. సగముననే ఆమె గొంతు నిలిచెను.

“ఆగినావేం చెల్లె?”

“ఆగలే అన్నా, మింగుతున్న. మావోని మీదనే రాసిండ్రు.”

“అయితే ఇడిచిపెట్టు. ఇంకోటి సదువు.”

“ఎందుకు ఇడుస్త? వానికి జెండ మోస్తున్న గాని నా నాలిక కుదువబెట్టలే. నా చేతులు సూడు, రంగునీళ్లకు ఎట్ల పగిలినయో! రాసినోడు అబద్ధం రాయలే.” ఆమె మరికొంత చదివి, “మిగతాది ఆరో పేజీల ఉన్నదంట. ఉండు, తిప్పుత” అనెను.

అంతట కాగితము గరగర తిరిగిన సవ్వడి ఉరుకుందప్పకు వినవచ్చెను. ఆ నెలలో ఆ సవ్వడిని ఆతడు వినుట అదియే ప్రథమము. ఆరవపుటలోని మిగిలిన వార్తను ఆమె తన అభ్యర్థిని నడుమనడుమ తిట్టుచునే తుదివరకు చదివి ముగించెను. రాట్నము నిలిపి ఆతడు మెల్లగా నిట్లనెను.

“ఓటు నాడు నాకు తోడొస్తవా చెల్లె?”

“నీకు మతి పోయిందా అన్నా? నా కండువ ఏం రంగో తెలుసు గదా!”

“రంగులు నాకేడ కనపడతయి?” అని ఆతడు నవ్వెను. ఆమెయు నవ్వి, సరేయని చేతిలో చేయి వైచెను.

పోలింగునాటి ప్రాతఃకాలమున మద్దిలేటి వాకిట అడ్డుగా నిలిచి, “ఇంట్ల నేనుండంగ ఊరోళ్లను తోలుకపోతవా పెద్దనాయనా? నలుగురు నవ్వరా?” యని నిష్ఠూరమాడెను.

“పోయినసారి నీకు బరువైంది బిడ్డా. రెండు ఓట్లు మోసినవ్. ఈసారి నీ ఓటొక్కటే ఎయ్యి.”

ఆ మృదువాక్యము విని మద్దిలేటి వాకిలినుండి ప్రక్కకు తొలగెను. పిమ్మట లోనికేగి, పెద్దనాయన చేతికర్రను తడిగుడ్డతో తుడిచి తెచ్చి యాతని చేతికిచ్చెను. మన్నింపు వేడుటకు కొందరికి మాటలు చాలవు. ఉరుకుందప్ప ఆ కర్రను క్షణమాత్రము ఎదకు ఆనించుకొనెను.

సవారమ్మ ఆనాడు తలకు కండువా చుట్టలేదు. పాఠశాలయందలి ఎన్నికల అధికారియెదుట, రహస్యము పాటింతునని పత్రముపై వంకరటింకరగా సంతకముచేసి, వృద్ధుని చేయిపట్టి అట్టతెర చాటునకు గొనిపోయెను. అచట ఆమె ఆతని చూపుడువ్రేలిని యంత్రపు మీదిగుండీపై నుంచి పేరొకటి గుసగుసగా చదివెను. వ్రేలిని క్రిందికి జరిపి మరియొకటి చదివెను. ఇట్లు చివరివరకు చదివెను. తనవాని పేరువద్ద గొంతు హెచ్చింపలేదు. పెరవాని పేరువద్ద తగ్గింపలేదు. లోగడ పత్రిక చదివించుకొని విన్న అభ్యర్థుల పేర్ల వరుసయే అదియని ఆతడెరింగెను.

“ఏలు నీది, ఇష్టం నీది. నేను గోడదిక్కు తిరుగుత” అని ఆమె మొగము త్రిప్పుకొనెను.

నమ్మి యప్పగించిన బరువును ఆమె మరల ఆతని చేతనే పెట్టెను! ఉరుకుందప్ప వ్రేలు పడుగుపోగులను లెక్కించునట్లు గుండీలను లెక్కించి ఒకచోట నిలిచి నొక్కెను. యంత్రము దీర్ఘముగా కూసెను. అప్పుడాతడు, “ఇటు తిరుగు చెల్లె. చీటీ మీద ఏం పడ్డదో నువ్వే సూసి చెప్పు” అనెను.

“నాకు తెలుస్తది గద అన్నా!”

“తెలువనీ.”

గాజుపలకవెనుక క్షణకాలము నిలిచిన ఆ చీటిని ఆమె చూచి, ఆతని చెవియొద్దకు వంగి, చూచినది చూచినట్లు చెప్పెను. ఐదేండ్లుగా తెగియున్న పోగు ముడిపడినట్లు వృద్ధుని వదనము వికసించెను. ఆ పేరు ఆమెపక్షమువానిదో, పరపక్షమువానిదో ఈ కథ చెప్పువానికిని తెలియదు.

తెలిసికొన యత్నించినవారు లేకపోలేదు. ఆమెపక్షమువారు పాఠశాల వాకిటనే చుట్టుముట్టి, “ఇంతకు ముసలాయన ఎవరికేసిండు సవారక్కా? మనకేనా?” యని గ్రుచ్చిగ్రుచ్చి యడిగిరి.

“నేను పట్టుకున్నది ఏలు. ఓటు కాదు. పోండ్రి, ఎండకొట్టి సస్తరు” అని ఆమె కసరెను.

ఫలితములు వెలువడిన మరునాడు తొలకరిజల్లు ధూళిని అణచెను. సవారమ్మ చిలపలు దించి, అరుగుపై కూర్చుండి, గెలిచినవారిని ఓడినవారిని ఒక్క గొంతుతోనే చదువుచుండెను. గడపయందు నిలిచి మద్దిలేటియు వినుచుండెను. ఇంతలో వార్త నడుమ విరిగెను. రాట్నముపై చేయి నిలిపి ఉరుకుందప్ప చెవియొగ్గెను. తడిగాలికి మెత్తబడిన కాగితము, ఆరవపుటకై మెల్లగా తిరిగెను.