లీస్‌బెత్ వదిలేసిన పేరాలు

1788 జూన్‌లో న్యూయార్కు రాష్ట్రంలోని కింగ్‌స్టన్ డచ్చి రైతులు యోస్ట్‌ను పోకీప్సీలో జరిగే రాష్ట్ర సభకు ప్రతినిధిగా పంపింది ఒకే పనికి: అమెరికా కొత్త రాజ్యాంగం మాకొద్దని ఓటేసి రమ్మని. యోస్ట్ పిండిమర యజమాని. డచ్చి బైబిలు చదవగలడు గాని, ఇంగ్లీషు మాత్రం సంతలో బేరమాడేంతే వచ్చు. రాజ్యాంగాన్ని ఒప్పుకోమంటూ న్యూయార్కు పత్రికల్లో వస్తున్న వ్యాసాలను ఆ చలికాలమంతా భార్య లీస్‌బెత్ డచ్చిలోకి మార్చి చదివి వినిపించింది. ఆమె తల్లి ఇంగ్లీషు మనిషి.

"ఇంత చదువుకున్నవాడు ఇంత డొల్లగా రాస్తాడేమిటే?" అని యోస్ట్ ఒకటి రెండుసార్లు అడిగాడు.

"డొల్లవాడు డొల్లగా కాక ఇంకెలా రాస్తాడయ్యా?" అనేది ఆమె.

పోకీప్సీలో దిగిన సత్రంలో, ఓ ఉదయం గుర్రపు జీన్లు కుట్టే డిర్క్ అనే తోటి ప్రతినిధి పాత పత్రిక తీసి డచ్చిలోకి మారుస్తూ బిగ్గరగా చదివాడు. యోస్ట్‌కు ఆ వ్యాసం గుర్తే. కాని నడుమ ఒక పేరా కొత్తగా తోచింది. రాష్ట్రాలు విడిపోతే ఒకదానికొకటి భయపడి ప్రతి రాష్ట్రమూ సైన్యం పెట్టుకుంటుందని, అప్పుడు సిపాయిలు ఎప్పుడూ మన గుమ్మంలోనే ఉంటారని అందులో ఉంది.

"ఆ ముక్క మళ్ళీ చదువు," అన్నాడు యోస్ట్. డిర్క్ చదివాడు. యోస్ట్ రొట్టె ముట్టుకోలేదు.

శనివారం పడవెక్కి ఇంటికి వచ్చాడు. లీస్‌బెత్ వాకిట్లో బఠాణీలు ఒలుస్తోంది.

"సిపాయిల సంగతి నాకెందుకు చదవలేదు?"

"ఏ సిపాయిలు?"

"నాటకాలాడకే."

ఆమె చేతులు ఆగాయి. "చదివితే ఏమయ్యేది? మంచి మాట చెవిన పడితే మైనంలా కరుగుతావు. పదేళ్ళ కిందట సముద్రం అవతల కూర్చున్న రాజు పంపిన సైన్యమే కదా ఈ ఊరు తగలబెట్టింది? మా అమ్మను పరుపుతో సహా ఈడ్చుకుంటూ పరిగెత్తాను. ఇప్పుడు దూరాన ఇంకో సర్కారు, దానికో సైన్యం! నువ్వు ఊఁ అంటావేమోనని హడలిపోయాను."

"అందుకని నన్ను గొడ్డును తోలినట్టు తోలావా?"

ఆమె ఒలిచిన బఠాణీలు గిన్నెలోకి ఊడ్చుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు చర్చి నుంచి రాగానే పత్రికలన్నీ బల్లమీద పరిచాడు. ఆమె చదువుతుంటే అచ్చు వరుసల మీద వేలు జరుపుతూ కూర్చున్నాడు. వేలు అడుగుకు చేరేదాకా పేజీ తిప్పనివ్వలేదు. "ఏమైనా దాటావా?" అని పేరా పేరాకూ అడిగాడు. ప్రజల హక్కులు విడిగా రాయనక్కర్లేదన్న చోట ఇద్దరికీ ఒకేసారి ఒళ్ళు మండింది.

జూలై చివర ఓటింగు జరిగింది. హక్కులు చేర్చాలని గట్టిగా కోరుతూనే, యోస్ట్ రాజ్యాంగానికి సరే అన్నాడు. రాజ్యాంగాన్ని ఒప్పుకున్నవాళ్ళే అతి స్వల్ప తేడాతో గెలిచారు. ఊళ్ళో సగంమంది గోధుమలు వేరే మరకు తోలుకెళ్ళారు. "ఎంతకు అమ్ముడుపోయావు?" అని దారిలో అడిగినవాళ్ళూ ఉన్నారు.

లీస్‌బెత్ మాత్రం అలా అడగలేదు. "నాకు నచ్చలేదు. కానీ అంతా విన్నాకే చేశావు," అని, గిన్నె కాస్త గట్టిగానే అతని ముందు పెట్టింది.

ఆ తరవాత వచ్చిన ప్రతి పత్రికనూ యోస్ట్ ఆమెచేత చదివించుకుని, పాస్టరు గారి దగ్గరికి పట్టుకెళ్ళి మళ్ళీ చదివించుకునేవాడు. ఎన్నడూ ఒక్క వరుస తేడా రాలేదు. అయినా మానలేదు. మూడేళ్ళు దాటాక, హక్కులను రాజ్యాంగంలో చేర్చారన్న వార్త వచ్చింది. లీస్‌బెత్ ఒక్కొక్క హక్కూ నిదానంగా చదివి పత్రిక మడిచింది.

"ఇదీ పట్టుకెళ్తావా?"

"పట్టుకెళ్తా," అంటూ టోపీ అందుకున్నాడు.

"ఉండు, నేనూ వస్తా," అంటూ ఆమె శాలువా కప్పుకుంది. "ఆయనేం వదిలేస్తాడో నేనూ చూడాలిగా."